ఐచ్ఛిక ఇంటర్వ్యూ: వెళ్లాలా, మానాలా?

ఎడిసన్ అమ్మ:
మేం ఉండేది అమెరికాలోని ఎడిసన్ ఊళ్లో. మా అమ్మాయి పన్నెండో తరగతి. దరఖాస్తు పెట్టిన ఒక విశ్వవిద్యాలయం తరఫున అక్కడి పూర్వ విద్యార్థి ఒకరు ఇంటర్వ్యూకు పిలిచారు. ఇది ఐచ్ఛికమేనని ఆ ఈమెయిల్‌లోనే రాశారు. పిల్లకు బిడియం ఎక్కువ. దీనికి నిజంగా విలువ ఉంటుందా అండీ?

లెక్కల మాస్టారు:
లేదనే నా అభిప్రాయం. కాలిఫోర్నియా ప్రభుత్వ విశ్వవిద్యాలయాలైన యూసీ బర్క్‌లీ, యూసీఎల్‌ఏ డిగ్రీ ప్రవేశాలకు సాధారణంగా ఇంటర్వ్యూలే పెట్టవు. కొలంబియా విశ్వవిద్యాలయం 2023లో వాటిని మానేసింది. బ్రౌన్, షికాగో విశ్వవిద్యాలయాలు వాటికి బదులు విద్యార్థి తానే తీసి పంపే చిన్న వీడియోను తీసుకుంటున్నాయి. అంత గట్టిగా వడపోసే సంస్థలు పనికొచ్చే సాధనాన్ని వదులుకుంటాయా?

పూర్వ విద్యార్థి:
మాస్టారు గారూ, పదుల వేల దరఖాస్తులు వచ్చేచోట అందరినీ కలవడానికి స్వచ్ఛందంగా వచ్చే మనుషులు చాలరు. అంతమాత్రాన ఇంటర్వ్యూ నిరుపయోగమని తేలదు. నేనూ మా కళాశాల తరఫున ఇంటర్వ్యూలు చేస్తాను. మాకు మార్కులు గానీ వ్యాసాలు గానీ చూపరు కనుక, ఎదుట కూర్చున్న మనిషి గురించే రాస్తాం. 2023 జూన్‌లో అమెరికా సుప్రీంకోర్టు తీర్పుతో ముగిసిన హార్వర్డ్ విశ్వవిద్యాలయం కేసును, అంటే అక్కడి ప్రవేశాల్లో ఆసియా సంతతి విద్యార్థులకు అన్యాయం జరుగుతోందని వేసిన కేసును, గుర్తు చేసుకోండి. ఆసియా సంతతి విద్యార్థులను స్వయంగా కలిసిన పూర్వ విద్యార్థులు వారికి తెల్లజాతి విద్యార్థులతో దాదాపు సమానమైన పర్సనల్ రేటింగే (వ్యక్తిత్వానికి వేసే మార్కు) ఇచ్చారనీ, ఎక్కువమందిని కలవకుండా ఫైళ్లు చదివిన అడ్మిషన్ల కార్యాలయం మాత్రం తక్కువ ఇచ్చిందనీ కేసు వేసినవారు అంకెలతో వాదించారు. మన పిల్లలను కాగితం మీద ఒకే మూసలో చూసే ప్రమాదం ఉన్నప్పుడు, ముఖాముఖి మాట్లాడే అవకాశాన్ని చేతులారా వదులుకోవడం ఎందుకు?

లెక్కల మాస్టారు:
మీ ఉదాహరణ నా వాదననే బలపరుస్తోంది. కలిసినవారు మంచి రేటింగ్ ఇచ్చినా కార్యాలయం రేటింగ్ పెరగలేదంటే, ఆ నివేదికకు దక్కిన బరువెంత? ఆ తేడా ఉపాధ్యాయులు, కౌన్సెలర్లు రాసిన సిఫారసు లేఖల వంటివాటి వల్ల రావచ్చన్నది హార్వర్డ్ సమాధానం. ఆ లెక్కన అరగంట మాటల కంటే లేఖలే నెగ్గాయి.

పూర్వ విద్యార్థి:
బరువు తక్కువేనని ఒప్పుకుంటాను. అయితే పిలుపు రాకపోవడం వేరు, వచ్చిన పిలుపును కాదనడం వేరు. ఇంటర్వ్యూ చేసేవారు దొరకకపోతే దరఖాస్తుకు నష్టం లేదని ఎంఐటీ విశ్వవిద్యాలయం స్పష్టంగానే చెబుతుంది. పిలిచినా రానివారి విషయంలో, ముఖ్యంగా విద్యార్థి ఆసక్తిని కూడా లెక్కలోకి తీసుకునే చిన్న కళాశాలల్లో, అదే భరోసా ఇవ్వలేను. అడ్మిషన్ల ఉద్యోగులే స్వయంగా మాట్లాడే చోట ఆ మాటలకు ఇంకాస్త విలువ ఉంటుంది. అమ్మా, బిడియాన్ని మేము లోపంగా రాయం. బట్టీపట్టిన జవాబులే మమ్మల్ని విసిగిస్తాయి.

లెక్కల మాస్టారు:
ఆ చివరి మాట వరకు నాకూ అభ్యంతరం లేదు. వెళ్లనివ్వండి, కానీ దానికోసం కోచింగ్‌కు మాత్రం డబ్బు పోయకండి.

ఎడిసన్ అమ్మ:
కోచింగ్ ఆలోచన ఉన్న మాట నిజమేనండి, మానుకుంటాం. జూమ్‌లోనా, ఊరి గ్రంథాలయంలోనా అని అడిగారు. కెమెరా ముందు కంటే ఎదురుగా కూర్చుంటేనే తనకు తేలికని అమ్మాయి అంటోంది.