ఫ్లోరైడ్ మరకలున్న పళ్లకు వైటెనింగ్ పనికివస్తుందా?

ప్రశ్న:
మాది నల్లగొండ జిల్లా మర్రిగూడ మండలం. బోరు నీళ్లు తాగి పెరిగినందువల్ల నా ముందు పళ్ల మీద సున్నం చిలికినట్టు తెల్లమచ్చలు, వాటి నడుమ గోధుమరంగు చారలు ఉన్నాయి. కొన్నాళ్లు బొగ్గుపొడితో తోమాను, ఫలితం లేదు. ఇప్పుడు ఆన్‌లైన్‌లో దొరికే వైటెనింగ్ కిట్ తెప్పించుకోవాలని ఉంది. దానివల్ల పళ్లు దెబ్బతింటాయా?

జవాబు (దంతవైద్యురాలిని):
ముందుగా బొగ్గుపొడి మానేయండి. టీ, జర్దా, సిగరెట్ల వల్ల పట్టే గార పంటి పైననే ఉంటుంది కనుక క్లీనింగ్‌తో చాలావరకు పోతుంది. మీ మరకలు అటువంటివి కావు. చిగురు లోపల పళ్లు తయారయ్యే వయసులో, అంటే సుమారు 8 ఏళ్లలోపు, లీటరుకు 1.5 మిల్లీగ్రాములకు మించి ఫ్లోరైడ్ ఉన్న నీటిని ఏళ్ల తరబడి తాగితే పంటి పైనుండే గట్టి పొర, అంటే ఎనామిల్, గుల్లబారి ఏర్పడుతుంది, పన్ను పైకి వచ్చాక ఆ గుల్లలోకి రంగు దిగుతుంది. గట్టిగా తోమితే అరిగేది ఎనామిలే, అది మళ్లీ పెరగదు.

వైటెనింగ్ జెల్‌లో పనిచేసేది హైడ్రోజన్ పెరాక్సైడ్, లేదా దానిని విడుదల చేసే కార్బమైడ్ పెరాక్సైడ్. మీ పళ్ల అచ్చు తీసి చేసిన ట్రేలో 10 శాతం కార్బమైడ్ జెల్‌ను వైద్యుల పర్యవేక్షణలో వాడితే పెద్ద ప్రమాదం ఉండదు, కొన్నాళ్లు పళ్లు జివ్వుమనవచ్చు. యూరోపియన్ యూనియన్‌లో 0.1 నుంచి 6 శాతం వరకు పెరాక్సైడ్ ఉన్నవాటిని దంతవైద్యుల ద్వారానే, అదీ 18 ఏళ్లు నిండినవారికే ఇవ్వాలని నిబంధన ఉంది. అందరికీ ఒకే కొలత ట్రేతో వచ్చే కిట్‌లో జెల్ చిగుళ్ల మీదికి కారి మండుతుంది. అన్నిటికంటే ముఖ్యంగా, బ్లీచింగ్ (ఇలా జెల్‌తో పళ్లను తెల్లబరచడం) తెల్లమచ్చను తీయలేదు, మొదట్లో అది మరింత కొట్టొచ్చినట్టు కనబడుతుంది కూడా. మీకు పై పొరను అతి పలుచగా తీసే మైక్రోఅబ్రేషన్, ఆ తరువాత అవసరమైతే బ్లీచింగ్ సరిపోవచ్చు.

మరొక జవాబు:
మాది దర్శి ప్రాంతం. అప్పటి నెల్లూరు జిల్లాలోని మా వైపు ఈ జబ్బును 1937లోనే గుర్తించారు, అయినా మా తరం దాకా వచ్చింది. నేను ఈ రెండూ చేయించుకున్నాను. గోధుమరంగు చాలావరకు తగ్గింది, తెల్లమచ్చలు కొన్ని మిగిలాయి. అయితే పంటికి తొడిగిన పాత క్యాప్‌కు రంగు మారదని నాకు ఎవరూ ముందు చెప్పలేదు, అదొక్కటే పచ్చగా మిగిలి మళ్లీ మార్పించుకోవలసి వచ్చింది.

ప్రశ్న అడిగినవారు:
ధన్యవాదాలండీ, కిట్ ఆలోచన మానుకున్నాను. మా అక్క కూతురికి నాలుగేళ్లు, ఊళ్లోనే ఉంటుంది. నీళ్లు కాచి తాగిస్తే చాలునా, డాక్టరు గారూ?

దంతవైద్యురాలు:
కాచితే ఫ్లోరైడ్ పోదు, నీరు ఆవిరై ఇంకా చిక్కబడుతుంది. బోరు నీటిని పరీక్ష చేయించి, ఎక్కువ ఉందని తేలితే తాగడానికీ వంటకూ మిషన్ భగీరథ పథకం కుళాయి నీళ్లో, ఆర్‌ఓ నీళ్లో వాడమనండి. పాపకు శాశ్వత దంతాలు ఇంకా చిగురు లోపలే తయారవుతున్నాయి.