వేసవి చిన్నదిగా ఉండే చల్లని ప్రాంతాల్లో కూరగాయలకు అదును ఎలా తెలుసుకోవాలి?

ప్రశ్న

మేముండే చోట వసంతంలో గడ్డకట్టే మంచు మే నెలాఖరుకు గానీ పోదు, సెప్టెంబరు మధ్యకల్లా మళ్ళీ మొదలవుతుంది. అంటే మంచు బెడద లేని రోజులు 110కి మించవు. విత్తనాల ప్యాకెట్ల మీద ఏ పంటకైనా ‘చివరి మంచు తర్వాత విత్తండి’ అనే రాసి ఉంటోంది. ఆ తేదీ దాటాకే బీన్స్ వేసినా సగం గింజలు నేలలోనే కుళ్ళిపోయాయి. పక్క వరుసలోని ముల్లంగి మాత్రం చక్కగా మొలిచింది. టమాటాలైతే కాయలు పచ్చిగా ఉండగానే చలి వచ్చిపడింది. తేదీని నమ్మకూడదంటే మరి దేన్ని చూసి విత్తాలో, అనుభవం ఉన్నవారు వివరంగా చెప్పగలరు.

జవాబు 1

చివరి మంచు తేదీ అనేది చాలా ఏళ్ళ వాతావరణ వివరాల నుంచి తీసిన సగటు కాబట్టి, అది దాటిన తర్వాత కూడా మంచు పడే అవకాశం ఇంచుమించు సగానికి సగం ఉంటుంది. పైగా అది గాలి సంగతి చెబుతుందే తప్ప నేల సంగతి చెప్పదు. గింజకు కావలసింది నేల వెచ్చదనం. బఠాణీ, పాలకూర, ముల్లంగి, లెట్యూస్ నేల 5 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉన్నా నిదానంగానైనా మొలుస్తాయి కాబట్టి, వాటిని చివరి మంచుకు కొన్ని వారాల ముందే విత్తుకోవచ్చు. బీన్స్‌కు కనీసం 15 డిగ్రీలు ఉండాలి, కీర, గుమ్మడి ఇంకొంచెం ఎక్కువే కోరుకుంటాయి. చల్లగా, తడిగా ఉన్న నేలలో బీన్స్ గింజ నీరు పీల్చుకునే తొలి గంటల్లోనే దాని కణాల పొరలు దెబ్బతిని, లోపలి చక్కెరలు బయటికి కారతాయి, వాటికోసం శిలీంధ్రాలు చేరతాయి. మీ గింజలు కుళ్ళింది బహుశా ఇందుకే.

మట్టి థర్మామీటరును గింజ పడే లోతులో, అంటే సుమారు 5 సెంటీమీటర్ల దిగువన గుచ్చి, ఉదయం పూట వరుసగా నాలుగైదు రోజులు చూడండి. మధ్యాహ్నం చూస్తే ఎండకు వేడెక్కిన పైపొర మోసం చేస్తుంది. నేల పదును కూడా చూసుకోవాలి. పిడికెడు మట్టిని పిసికి వేలితో పొడిచినప్పుడు పొడిపొడిగా విడిపోతే విత్తవచ్చు, ముద్దగా నిలిస్తే ఆగాలి. తొందరగా విత్తాలనుకుంటే, నేల త్వరగా వెచ్చబడేలా ఎత్తు మడులు కట్టి, విత్తడానికి రెండు వారాల ముందే వాటిపై నల్ల మల్చింగ్ షీటు పరచండి.

జవాబు 2

పై జవాబు ఆరంభం గురించి. మీ టమాటాల చిక్కు మాత్రం రెండో చివర ఉంది, దానికి లెక్క వెనక నుంచి వేయాలి. శరదృతువులో మొదటి మంచు తేదీని పట్టుకుని, ప్యాకెట్ మీద ఉన్న పంటకాలాన్ని అందులోంచి తీసివేసి, వేసవి చివర కోతకొచ్చే పంటలైతే మరో రెండు వారాలు కూడా తీసేయండి. పగటి వెలుగు తగ్గేకొద్దీ మొక్క ఎదుగుదల మందగిస్తుంది, ప్యాకెట్ మీది అంకెలు ఆ మందకొడితనాన్ని లెక్కలోకి తీసుకోవు. ఇంకొక మెలిక ఏమిటంటే, బీన్స్, క్యారట్ వంటివాటికి ఆ రోజులను విత్తినప్పటి నుంచి లెక్కిస్తారు, టమాటా, మిరపకు మాత్రం సాధారణంగా నారు నాటినప్పటి నుంచి లెక్కిస్తారు.

చల్లని చోట టమాటా పిందె పండు కావడానికి 50 రోజులు పట్టడం మామూలే. అందువల్ల మీ లెక్క ప్రకారం ఆగస్టులో విచ్చిన పూత మీద ఆశ పెట్టుకోనవసరం లేదు. మొదటి మంచుకు నెల ముందు కొమ్మల చివళ్ళు తుంచేస్తే ఉన్న కాయలకే బలం చేరుతుంది. 60 రోజుల లోపు స్వల్పకాలిక రకాలను ఎంచుకోండి, పెద్ద కాయల దీర్ఘకాలిక రకాల జోలికి మీ వాతావరణంలో పోకపోవడమే మంచిది.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ కృతజ్ఞతలు. అలాగైతే ఫిబ్రవరిలోనే అన్ని రకాల నారూ ఇంట్లో పోసుకుంటే రోజులు కలిసి వస్తాయి కదా?

జవాబు 3

రావు. కిటికీ దగ్గర ముదిరి, సాగిపోయి, కుండీలో వేళ్ళు చుట్టుకున్న నారు నాటిన తర్వాత తేరుకోవడానికి తీసుకునే వ్యవధిలో లేత నారు దానిని దాటిపోతుంది. నాటే రోజుకు టమాటా నారు 6 నుంచి 8 వారాలది, మిరప 8 నుంచి 10 వారాలది అయితే చాలు. కీర, గుమ్మడి వేళ్ళు కదిలిస్తే ఓర్చుకోవు కాబట్టి వాటికి 3, 4 వారాలు మించనివ్వకండి. క్యాబేజీ నారు ముదిరితే మరో ప్రమాదం. కాండం 6 మిల్లీమీటర్లకు మించి లావెక్కిన నారు కొన్ని వారాల పాటు 10 డిగ్రీలకు దిగువ చలిలో ఉంటే, గడ్డ కట్టకుండా నేరుగా పూతకాడ వేసే అవకాశం ఉంది.

ముందుగా పోయడం వల్ల నిజంగా లాభపడేది ఉల్లి. అది గడ్డ ఊరడం మొదలుపెట్టేది పగటి పొడవును బట్టి. చలి దేశాలకు సరిపోయే రకాలకు 14 నుంచి 16 గంటల పగలు కావాలి. ఆ పగలు వచ్చేనాటికి మొక్కకు ఎన్ని ఆకులుంటే గడ్డలో అన్ని పొరలు ఏర్పడతాయి కాబట్టి, నాటడానికి 10, 12 వారాల ముందు నారు పోస్తేనే గడ్డ చెప్పుకోదగ్గ సైజుకు వస్తుంది.

మొదటి జవాబుతో ఒక చోట విభేదిస్తాను. విత్తనానికి నేల చూస్తే చాలు, నాటిన నారుకు మాత్రం రాత్రి గాలి కూడా ముఖ్యమే. రాత్రి ఉష్ణోగ్రత 10 డిగ్రీలకు తగ్గకుండా నిలకడగా ఉండే వరకు టమాటాను బయట నాటకండి. నాటే ముందు వారం, పది రోజులు రోజూ కాసేపు బయట పెట్టి, ఆ వ్యవధిని పెంచుతూ నారును గట్టిపరచండి. మబ్బు లేని, గాలి కదలని రాత్రులే ప్రమాదకరం. చల్లని గాలి పల్లానికి జారి అక్కడే నిలిచిపోతుంది కనుక, ఒకే తోటలో పల్లపు మడి మాడిపోయి మెరక మడి పచ్చగా ఉండటం చూస్తుంటాం. అలాంటి రాత్రి మొక్కలపై పలుచని క్రాప్ కవర్ కప్పితే రెండు డిగ్రీల వరకు రక్షణ దొరుకుతుంది. గుమ్మడి, కీర పూతకొచ్చాక మాత్రం పగలు దానిని తీసేయాలి, లేకపోతే తేనెటీగలు లోపలికి రాలేక పిందె నిలవదు.