వాల్వ్ ఆంప్లిఫయర్, 16 ఎంఎం ప్రొజెక్టరుతో ఇంట్లో చిన్న హాలు: సలహా కావాలి

బైరాగిపట్టెడ_మేడగది (తిరుపతి)

అందరికీ నమస్కారం. మా మేడ మీద 11 అడుగుల వెడల్పు, 16 అడుగుల పొడవున్న గది ఒకటి ఖాళీగా ఉంది. పది మంది కూర్చుని సినిమా చూసేట్టు దాన్ని చిన్న హాలుగా మార్చాలని చాన్నాళ్ల కోరిక. డిజిటల్ ప్రొజెక్టరు, సౌండ్‌బార్ పెట్టుకుంటే ఒక్క పూటలో అయిపోతుంది కదా అని ఇంట్లో అంటున్నారు. నాకు రీలు తిరగాలి, వాల్వులు (పాత రేడియోల్లో వెలిగే గాజు గొట్టాలు) వెలగాలి.

చెన్నైలో పాత సామాన్ల అంగట్లో అమెరికా తయారీ 16 ఎంఎం (ఫిల్ము వెడల్పు అంత) సౌండ్ ప్రొజెక్టరు దొరికింది. 117 వోల్టులది. లెన్సు 50 ఎంఎం. దాంతోపాటు పాత స్టీరియో ఆంప్లిఫయర్ ఒకటి తెచ్చాను. అందులో స్పీకరును నడిపే ఈఎల్84 వాల్వులు నాలుగు, వాటికి ముందు చిన్న సిగ్నల్‌ను పెంచే ఈసీసీ83 వాల్వులు రెండు ఉన్నాయి. కొన్ని డాక్యుమెంటరీ రీళ్లు కూడా ఉన్నాయి.

స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టి ప్రొజెక్టరు నడిపితే బొమ్మ వస్తోంది కానీ మనుషులు నీళ్లలో నడుస్తున్నట్టు ఉన్నారు. గొంతులన్నీ బొంగురు. ఆడమనిషి మాట్లాడినా మగగొంతే వినిపిస్తోంది. 14 అడుగుల దూరం నుంచి వేసినా బొమ్మ వెడల్పు మూడడుగులు లేదు. ఆంప్లిఫయర్ పనిచేస్తోంది కానీ గంట తిరిగేసరికి దాని ట్రాన్స్‌ఫార్మర్ మీద చెయ్యి పెట్టలేకపోతున్నాను. పైగా నా బుక్‌షెల్ఫ్ స్పీకర్లకు తగిలిస్తే శబ్దం చాలడం లేదు. పెద్ద ఆంప్లిఫయర్ కొనాలా? ఎక్కడ మొదలుపెట్టాలో పెద్దవాళ్లు చెప్పండి.

తిలక్‌రోడ్డు_సౌండ్స్

పెద్దదే కొను అన్నా. పెళ్లిళ్లకు సెట్లు వేసే అనుభవంతో చెబుతున్నా, సినిమా సౌండుకు ఛానెల్‌కు వంద వాట్లయినా లేకపోతే గుండెకు తగలదు. వాల్వుల మీద అంత ప్రేమ ఉంటే వాటిని ప్రియాంప్ (సిగ్నల్‌ను మొదట కొంచెం పెంచే భాగం) వరకు ఉంచుకో.

గ్రీమ్స్‌పేట_రేడియో (చిత్తూరు)

తమ్ముడూ, ఏమీ కొనకు. ముందు ఉన్న వాటిని సరిచేసుకుందాం. నేను వాల్వు రేడియోలు, డేరా హాళ్ల ఆంప్లిఫయర్లు బాగుచేస్తూ బతికినవాణ్ని. నీ సామాను మంచిదే.

మొదట ప్రొజెక్టరు సంగతి. స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ వోల్టులు తగ్గిస్తుంది కానీ హెర్ట్జ్ మార్చదు. ఆ మోటారు అమెరికా 60 హెర్ట్జ్ కరెంటుకు చేసింది, మనది 50. అందుకే సెకనుకు 24 ఫ్రేములు నడవాల్సిన ఫిల్ము 20 దగ్గర నడుస్తోంది. బొమ్మ మందగిస్తుంది, పాట దాదాపు మూడు స్వరస్థానాలు కిందికి దిగుతుంది. గవర్నర్ (వేగాన్ని తనంతట తానే అదుపులో పెట్టే భాగం) ఉన్న పాత మోటార్లకు ఈ బాధ లేదు, నీది ఆ రకం కాదని లక్షణమే చెబుతోంది. ప్లగ్గు పీకి వెనక మూత విప్పి మోటారు పుల్లీ చూడు. కొన్ని మిషన్లలో పుల్లీకి రెండు మెట్లుంటాయి, బెల్టును పెద్ద మెట్టు మీదికి మారిస్తే చాలు. ఒకటే మెట్టు ఉంటే, వ్యాసం అయిదోవంతు పెంచి, అంటే 10 ఎంఎం ఉన్నచోట 12 ఎంఎంకి, లేత్ మీద ఇత్తడిలో తీయించు. రేణిగుంట రోడ్డులో లేత్ షాపులవాళ్లు చేసిస్తారు. ఇరుసు రంధ్రం మాత్రం నడిమధ్యన ఉండాలి. ఏమాత్రం పక్కకు ఉన్నా సంగీతం వణుకుతుంది, మాటల్లో తెలియదు కానీ వయొలిన్ వచ్చినప్పుడు పట్టిస్తుంది.

లెన్సు లెక్క ఇదీ: 16 ఎంఎం గేటులో, అంటే లెన్సు వెనక ఫిల్ము నిలిచే కిటికీలో, కనిపించే ఫ్రేము వెడల్పు దాదాపు 9.65 మిల్లీమీటర్లు. దూరాన్ని దానితో గుణించి లెన్సు ఫోకల్ లెంగ్త్‌తో (నీ లెన్సుకు 50 ఎంఎం అన్నావే, అది) భాగిస్తే బొమ్మ వెడల్పు వస్తుంది. 14 అడుగులకు 50 ఎంఎం లెన్సు 2.7 అడుగులే ఇస్తుంది. అది బడి హాలుకు పెట్టిన లెన్సు. 38 ఎంఎం అయితే మూడున్నర, 25 ఎంఎం అయితే దాదాపు 5.4 అడుగులు. నీ గదికి 25 కావాలి. వెతకబోయే ముందు లెన్సు బ్యారెల్ వ్యాసం కొలిచి రాసుకో, అన్ని మిషన్లకూ ఒకటే సైజు కాదు.

ఇక ఆంప్లిఫయర్. రాత్రి తొమ్మిది, పది గంటలప్పుడు ప్లగ్గులో మీటరు పెట్టి ఎంతుందో చూశావా? ట్రాన్స్‌ఫార్మర్ ఎన్ని వోల్టులకు చుట్టిందో కూడా దాని మీద చూసి చెప్పు. తర్వాత మాట్లాడదాం.

స్పీకర్ల విషయంలో తిలక్‌రోడ్డు తమ్ముడు చెప్పింది కల్యాణమండపానికి సరే. ఇది పదకొండడుగుల గది. డెసిబెల్ లెక్క చూడు: 85 డీబీ సెన్సిటివిటీ (ఒక వాటుకు ఒక మీటరు దూరంలో వచ్చే శబ్దం) ఉన్న స్పీకరుకు 50 వాట్లు ఇస్తే ఎంత శబ్దమో, 95 డీబీ స్పీకరుకు 5 వాట్లిచ్చినా అంతే. జత ఈఎల్84లు పుష్‌పుల్‌లో (రెండూ చెరో సగం మోస్తూ) పది పన్నెండు వాట్లు తేలిగ్గా ఇస్తాయి. వాట్లు కొనకు, స్పీకరు మార్చు. పాత రేడియోగ్రాముల్లోని పెద్ద కాగితం కోన్ స్పీకర్లు, మూసేసిన హాళ్లలోంచి వచ్చే హారన్లు ఇంకా దొరుకుతున్నాయి. పైగా 16 ఎంఎం ఆప్టికల్ సౌండు (ఫిల్ము అంచున గీతగా ముద్రించి, వెలుగుతో చదివే శబ్దం) మోనో, ఒక్క ఛానెలే. ఆరేడు వేల హెర్ట్జ్ పైన అందులో ఏమీ ఉండదు. ఖరీదైన ట్వీటరుకు అక్కడ పనే లేదు. మాట స్పష్టంగా, నిండుగా వినిపించాలి, అంతే.

చంద్రగిరి_రీళ్లు

అన్నా, మిషన్ కంటే ముందు ఆ రీళ్ల డబ్బాలు తెరిచి వాసన చూడండి. 16 ఎంఎం మొదటినుంచీ సేఫ్టీ ఫిల్మే, పాత 35 ఎంఎం నైట్రేట్ లాగా భగ్గుమనే భయం లేదు. కానీ ఈ సేఫ్టీ ఫిల్ము, అంటే ఎసిటేట్, మన ఎండకూ తేమకూ కుళ్లుతుంది. డబ్బా మూత తీయగానే వెనిగర్ వాసన ముక్కుకు కొడితే ఆ రీలును వెంటనే వేరే గదిలో పెట్టండి, పక్కనున్న మంచి రీళ్లకూ పాకుతుంది. ఫిల్ము ముడుచుకుపోయి ఉంటే ప్రొజెక్టరులో వేయకండి, రంధ్రాలు చిరిగిపోతాయి. రంగు ఫిల్ములు గులాబీ రంగులోకి తిరిగి ఉంటే దానికి మిషన్ కారణం కాదు. సయాన్ (ఆకుపచ్చ కలిసిన నీలం) రంగు ముందు వెలిసిపోతుంది, ఎరుపు మిగులుతుంది. డబ్బాలను స్లాబు కింద అటక మీద మాత్రం పెట్టొద్దు. మే నెలలో తిరుపతి మేడ మీద అది పొయ్యే.

బైరాగిపట్టెడ_మేడగది

పెద్దాయనా, పుల్లీకి రెండు మెట్లున్నాయి! బెల్టు మార్చాను. గొంతులు గొంతుల్లా వినిపించాయి. మా అమ్మ కూడా వచ్చి కూర్చుంది.

చంద్రగిరి గారూ, రెండు డబ్బాలు వాసన వస్తున్నాయి, వేరు చేశాను.

మీటరు పెట్టి చూశాను. రాత్రి పది దాటాక 245 వోల్టులు. ట్రాన్స్‌ఫార్మర్ మీద 220 అని ఉంది.

గ్రీమ్స్‌పేట_రేడియో

దొరికింది. 220కి చుట్టిన ట్రాన్స్‌ఫార్మరుకు 245 ఇస్తే లోపల అన్నీ అదే లెక్కన పెరుగుతాయి. వాల్వును లోపల వేడిచేసే హీటరు వోల్టేజి 6.3 ఉండాల్సింది 7కి పోతుంది. ఈఎల్84 ప్లేటుకు (లోపల కరెంటు చేరే లోహపు రేకు) గరిష్ఠం 300 వోల్టులు, 12 వాట్లు. ఇలాగే నడిపితే వాల్వులు ఏళ్లు రావాల్సింది నెలల్లో పోతాయి. 24 వోల్టులు, 2 ఆంపియర్ల మామూలు ట్రాన్స్‌ఫార్మర్ ఒకటి తెచ్చి, దాని సెకండరీని (24 వోల్టులు ఇచ్చే చుట్టను) మెయిన్స్‌కు ఎదురు ఫేజులో, అంటే ఆ వోల్టులు తీసివేత అయ్యేట్టు, సిరీస్ కలిపితే 220 దగ్గరికి దిగుతుంది. తిప్పి కలిపితే 270 దాకా ఎక్కుతుంది, అందుకని ఆంప్లిఫయర్ తగిలించకముందే బల్బు పెట్టి మీటరుతో చూడు.

ఇక్కడ మాత్రం నా మాట విను. పాత పెద్ద కండెన్సర్లు ప్లగ్గు పీకినా 300 వోల్టులు పట్టుకునే ఉంటాయి. 10 కిలో ఓముల 5 వాట్ల రెసిస్టరుకు ఇన్సులేషన్ ఉన్న క్లిప్పులు కట్టి, దాంతో ఖాళీ చేసి, మీటరులో సున్నా చూశాకే లోపల చెయ్యి పెట్టు. కరెంటు ఉండగా కొలవాల్సి వస్తే ఎడమ చెయ్యి జేబులో ఉండాలి. ఇంకొకరు గదిలో ఉండాలి. స్పీకరు తగిలించకుండా వాల్వు ఆంప్లిఫయర్ ఆన్ చేయకు, అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోతుంది. అది పోతే మోటారు వైండింగ్ షాపులో చుట్టించుకోలేవు. ప్రైమరీ, సెకండరీ పొరలు పొరలుగా కలిపి చుట్టే పని అది. ఆ ఆంప్లిఫయర్‌లో అసలు విలువైనది అదే.

కప్లింగ్ కండెన్సర్లు (ఒక వాల్వు నుంచి ఇంకోదానికి సిగ్నల్‌ను దాటించి డీసీని ఆపేవి) నాలుగూ కొత్తవి వేయి. పాతవి లీకైతే వాల్వు గ్రిడ్డుకు (లోపల కరెంటును అదుపు చేసే తీగల జాలీ) డీసీ ఎక్కి ప్లేటు ఎర్రబడుతుంది.

తిలక్‌రోడ్డు_సౌండ్స్

పెద్దాయనా, 95 డీబీ హారన్ ఒకటి మా గోడౌన్‌లో ఉంది. అన్నకు ఇస్తాను, విని చూసి ఉంచుకోమనండి. ఇంకో మాట: ప్రొజెక్టరు దీపం, ఆరు వాల్వులు, పది మంది మనుషులు కలిస్తే ఆ గది తట్టుకోదు. ఫ్యాన్ చప్పుడు, రీలు చప్పుడు కూడా ఎక్కువే. మిషన్‌ను మెట్లగదిలో పెట్టి, గోడలోని వెంటిలేటరుకు మామూలు అద్దం బిగించి అందులోంచి వెయ్యండి. వేడీ చప్పుడూ రెండూ బయటే ఉంటాయి.

బైరాగిపట్టెడ_మేడగది

మెట్లగది నుంచి తెరకు 18 అడుగులు వస్తుంది. అప్పుడు 38 ఎంఎం లెన్సు సరిపోతుందా పెద్దాయనా?

గ్రీమ్స్‌పేట_రేడియో

18 అడుగులకు 38 ఎంఎం నాలుగున్నర అడుగుల పైన ఇస్తుంది. 25 ఎంఎం అయితే ఏడడుగులు, కానీ అంత వెడల్పుకు నీ దీపం వెలుగు పలచబడుతుంది. 38 తీసుకో. అది దొరకడం కూడా తేలిక. అద్దాన్ని కొంచెం వంచి బిగించు, లేకపోతే వెలుగు వెనక్కి కొట్టి లెన్సులో పడుతుంది. రీలు నడిచేటప్పుడు మెట్లగదిలో ట్యూబ్‌లైటు ఆపెయ్యి. సౌండు సెల్ (ఫిల్ము అంచులోని శబ్దపు గీతను వెలుగుతో చదివే భాగం) మీద ఆ వెలుగు పడితే 100 హెర్ట్జ్ బుర్రుమని స్పీకరులో వస్తుంది, ఆంప్లిఫయర్ పాడైందని టెన్షన్ పడతావు.