సమస్యాపూరణం: "పొరుగు దొర గెల్వ మనయింట పొంగలేల"

కర్నూలు సార్ (నిర్వాహకుడు):
అందరికీ నమస్కారం. ఈ వారం తేటగీతి పాదం, ఇదే చివర వచ్చేటట్టు పై మూడు పాదాలు మీరు కట్టాల. వేరే దేశంలో ఎవరు గద్దెనెక్కినా మన టీ అంగళ్ల కాడ అదే మాట, మనకాడ ఓటు లేదు, ఆ దేశం చూసింది లేదు, అయినా మనింటి ఎన్నిక మాదిరి ఒకరు సంబరపడతారు ఒకరు దిగులు పడతారు. ఇది పిచ్చి అని నేను అనను, దీని వెనక ఏముందో పద్యంలో చెప్పండి. యతి (పాదం మొదటి అక్షరంతో జత కుదరడం) నాలుగో గణం మొదటి అక్షరానికి, ప్రాస (అన్ని పాదాల్లో రెండో అక్షరం ఒకటే కావడం) అక్కర్లేదు.

ఆదోని తమ్ముడు:
సార్, మొదటిసారి రాస్తాండా, ఒక పాదమే వచ్చింది. 2008లో ఒబామా గెలిస్తే వాళ్ల నాయన పుట్టిన కెన్యాలో నవంబరు 6న దేశమంతా సెలవిచ్చినారు కదా, దాని మీద.
కెన్య మనవడు గెలిచిన ఘనత జూచి

కర్నూలు సార్:
గణాలు సరిపోయినాయి తమ్ముడూ. యతే తప్పింది. కె కు ఘ హల్లు కుదిరింది గానీ అచ్చు కుదరలా, ఒకటి ఎకారం ఇంకోటి అకారం. "కెన్య మనవడు నెగ్గిన గెలుపు జూచి" అను, కె-గె సరిపోతాది. మిగతా రెండు పాదాలు నువ్వే రాయాల, వదలొద్దు.

అనంతపురం అక్క:
తమిళపల్లెలో పుట్టిన తాత మనుమ
రాలు గద్దెకు చేరువై రాగ, ముగ్గు
లేసి పంచిరి తీపులు లెక్కలేక
పొరుగు దొర గెల్వ మనయింట పొంగలేల?
(2021 జనవరిలో కమలా హారిస్ అమెరికా ఉపాధ్యక్షురాలిగా ప్రమాణం చేసినప్పటి, వాళ్ల తాత ఊరు తులసేంద్రపురం సంగతి.)

కర్నూలు సార్:
"మనుమ/రాలు" అని పాదం విరిచిన తీరు బాగుందక్కా, ముగ్గు కళ్ల ముందు కనపడింది. కానీ మూడో పాదానికీ సమస్యకీ నడుమ అతుకు లేదు, వాళ్లకు చుట్టరికం ఉంది మనకేముంది అనేది చదివేవాళ్లే ఊహించుకోవాల. ఇట్ల చూడండి: "లేసి రందరు, చుట్టమే లేని మనకు". ఇప్పుడు వాక్యం నేరుగా నాలుగో పాదంలోకి దిగుతాది.

ప్రొద్దుటూరు అన్న:
కొడుకు వీసాకు విధియించె కొత్త రుసుము
లక్ష డాలర్ల బరువది లాగలేక
తల్లి యడిగెను నాయన్ని తల్లడిల్లి
"పొరుగు దొర గెల్వ మనయింట పొంగలేల?"
ఇది మా ఇంటి కథే సార్. 2024 నవంబరులో వాన్స్ అమెరికా ఉపాధ్యక్షుడు అవుతాడంటే, ఆయన భార్య వాళ్లది పశ్చిమ గోదావరి వడ్లూరు మూలం, మన తెలుగింటి అల్లుడని మా నాయన వీధంతా మైసూర్ పాక్ పంచినాడు, మళ్లీ 2025 సెప్టెంబరులో హెచ్-1బి ఫీజు వార్త వచ్చిన రాత్రి మా అమ్మ అన్నం గిన్నె ముందర అట్లే కూర్చునింది.

కర్నూలు సార్:
సమస్యను అమ్మ నోట్లో పెట్టినావు చూడు, పూరణ అంటే అది. ఒక్క మాట, ఆ ఫీజు కొత్తగా వేసే దరఖాస్తుకు, కట్టాల్సింది కంపెనీ. "కొడుకు వీసాకు" అంటే ఉన్న వీసాకే అనుకుంటారు. అయినా అమ్మ భయం భయమే, పాదం మార్చొద్దు.

గుత్తి మాస్టారు:
మన్రొ దొరపేరు తాతకు "మన్రొలప్ప"
శిస్తు తగ్గింప గోరిన చిత్తశుద్ధి
గాంచి పెట్టిరి, గుణమది కానరాని
పొరుగు దొర గెల్వ మనయింట పొంగలేల?
1800లో నిజాం మన సీమను ఈస్టిండియా కంపెనీకి ధారపోసినాక వచ్చిన కలెక్టరు థామస్ మన్రో, శిస్తు నాలుగో వంతు తగ్గించమని 1807లో రాసినాడు, గవర్నరై తిరుగుతా 1827లో మన పత్తికొండలోనే కలరాతో పోయినాడు. పరాయి దొర పేరు మనోళ్లు పిల్లోళ్లకు పెట్టుకున్నారంటే ఊరికే కాదు.

అనంతపురం అక్క:
మాస్టారూ, ఆ శిస్తు మొదట గట్టిగా బిగించింది కూడా ఆయన చేతుల మీదనే కదా. అదీ చెప్పాల.

గుత్తి మాస్టారు:
నిజమేనమ్మా. బిగించిన చెయ్యే ఎక్కువైందని రాసింది, అందుకే "చిత్తశుద్ధి" అన్నా.

రాయచోటి చెల్లి:
అమ్మ యాకామ లేకుండ నచట దాగె
కొత్త దొర వచ్చి తలుపులు కొంత తెరచె
ఇంటి కొచ్చెను, నను జూచి యెవ్వరనిరి
"పొరుగు దొర గెల్వ మనయింట పొంగలేల?"
ఇది కువైట్ సంగతి సార్. 2023 డిసెంబరులో కొత్త ఎమీరు (ఆ దేశం ఏలే దొర) వచ్చినాడు, 2024 మార్చి నుంచి జూన్ దాకా యాకామ (అక్కడ ఉండేదానికి అనుమతి కాగితం) లేనోళ్లకు క్షమాభిక్ష ఇచ్చినారు, జుర్మానా లేకుండా పోనిచ్చినారు. మా అమ్మ అవుట్ పాస్ (ఇంటికి తిరిగొచ్చే ప్రయాణానికిచ్చే కాగితం) తీసుకుని చెన్నైలో దిగింది, తాడుతో కట్టిన అట్టపెట్టె, అందులో నిడో డబ్బా, టైగర్ బామ్. గంగమ్మకు పొంగలి పెట్టినాం. అమెరికా సంగతి మాకు తెల్దు, ఆ ఎమీరు పేరు మాత్రం మా వీధిలో ముసిలోళ్లకు కూడా తెలుసు.

ప్రొద్దుటూరు అన్న:
చెల్లీ పద్యం కదిలించింది, కానీ ఎమీరు గెలవలేదు కదా, ముందాయన చనిపోతే గద్దెకొచ్చినాడు. "గెల్వ" అనే మాట నిలబడతాదా?

కర్నూలు సార్:
నిలబడతాది. దొర మన మనసు గెలిచినాడు అని చదువుకోండి. ఉన్న మాటకే కొత్త అర్థం తేవడమే ఈ ఆట. ఈ వారం నాకు బాగా నచ్చింది ఇదే. చెల్లీ, మీ అమ్మకు చదివి వినిపించు.

రాయచోటి చెల్లి:
వినిపించినా సార్. రెండుసార్లు చదివిచ్చుకునింది. "దాగె" అనే మాట కాడ ఆపింది, నేను యాడా దాక్కోలేదు, ఎనిమిదేళ్లు మూడిళ్లలో వండినా, అది రాయి అనింది. మార్చినా:
అమ్మ యాకామ లేకుండ నచట వండె