ఆన్‌లైన్ పీజీ మెంటరింగ్: జర్నల్స్ సారాంశం దగ్గరే ఆగిపోతే ఏం మార్చాలి?

నమస్కారం. ఒక్కో మెంటర్‌కు ఆరుగురు విద్యార్థులు, రెండు వారాలకోసారి అరగంట వీడియో కాల్, మధ్యలో ఒక జర్నల్ (విద్యార్థి తన ఆలోచనలను తానే పరిశీలించుకుంటూ రాసేది). ఇదీ పద్ధతి. ఆధారం, వయోజన విద్యా నిపుణుడు జాక్ మెజిరో 1978లో ప్రతిపాదించిన పరివర్తనాత్మక అభ్యసనం, అంటే మన పాత నమ్మకాలను ప్రశ్నించుకుని దృక్పథం మార్చుకుంటూ నేర్చుకోవడం. ఆయన చెప్పిన 10 దశల్లో మొదటిది, పాత నమ్మకాన్ని కుదిపే సందిగ్ధం, మంచి కేస్ స్టడీ ఇస్తే వచ్చేస్తుంది. చిక్కంతా ఆ తర్వాతే: తమను తాము పరిశీలించుకోవడం, ముందే పెట్టుకున్న అభిప్రాయాలను ప్రశ్నించుకోవడం.

మార్కులు వేసేవారే మెంటర్ అయితే విద్యార్థులు మెంటర్‌కు నచ్చేదే రాస్తారు. మార్కులు తీసేస్తే అసలు రాయరు! “ఏం నేర్చుకున్నారు?” అంటే సారాంశమే వస్తుంది. “ఈ అభిప్రాయం ఎక్కడి నుంచి వచ్చింది? ఏ ఆధారం దొరికితే వదులుకుంటారు?” అంటే కొంత నయం.

మూల్యాంకనాన్ని వేరేవారికి అప్పగించి చూసినవాళ్లున్నారా? జర్నల్‌కు నాణ్యత చూడకుండా, రాసినందుకే మార్కులిస్తే లోతు తగ్గిందా? టైమ్ జోన్ కుదరనివారికి కాల్ బదులు వాయిస్ మెసేజ్‌లు సరిపోయాయా? వాడిన రూబ్రిక్ (దేనికి ఎన్ని మార్కులో చెప్పే ప్రమాణాల పట్టిక) ఉంటే పెట్టండి.