క్వాంటమ్ మెకానిక్స్‌కు సంకీర్ణ సంఖ్యలు తప్పనిసరా?

ప్రశ్న:
వాన్ న్యూమన్ 1932లో క్వాంటమ్ మెకానిక్స్‌ను హిల్బర్ట్ అంతరాళం (స్థితులను సూచించే సదిశలుండే గణిత అంతరాళం) మీద నిలబెట్టిన తీరును కొన్ని నెలలుగా చదువుతున్నాను. స్థితి ఒక సదిశ అని, కొలవదగిన రాశి ఒక హెర్మీషియన్ ఆపరేటర్ (కొలత విలువలు వాస్తవ సంఖ్యలుగానే వచ్చేలా సదిశల మీద పనిచేసే గణిత ప్రక్రియ) అని ఒప్పుకున్నాక మిగతాది చక్కగా అమరుతున్నది. కానీ ఆ అంతరాళం సంకీర్ణ సంఖ్యల (−1 వర్గమూలం కలిసిన సంఖ్యల) మీదే ఎందుకు ఉండాలో నాకు తేలడం లేదు. ఏ సంకీర్ణ సంఖ్యనైనా రెండు వాస్తవ సంఖ్యల జతగా రాయవచ్చు కదా, అలాంటప్పుడు సిద్ధాంతమంతా వాస్తవ సంఖ్యలతోనే చెబితే పోయేదేమిటి?

మొదటి జవాబు:
రాయవచ్చునండీ. స్టూకెల్‌బెర్గ్ 1960లో ఆ పనే చేశారు. అయితే వర్గం −1 అయ్యే ఒక వాస్తవ ఆపరేటర్‌ను తెచ్చి, కొలవదగిన ప్రతి రాశీ దానితో వినిమయం కావాలని (ఏ క్రమంలో గుణించినా ఫలితం ఒకటే కావాలని) ఆయన నియమం పెట్టవలసి వచ్చింది. అంటే −1 వర్గమూలం వేరే పేరుతో మళ్లీ లోపలికి వచ్చింది.

ఆ నియమం లేకపోతే ఏమవుతుందో రెండు వ్యవస్థలను కలిపినప్పుడు తెలుస్తుంది. రెండు స్థాయిల వ్యవస్థకు ఉండే, దాని స్థితిని వర్ణించే హెర్మీషియన్ సాంద్రతా మాత్రికను, సంభావ్యతల మొత్తం 1 కావాలన్న షరతును పక్కన పెడితే, 4 వాస్తవ రాశులు నిర్ణయిస్తాయి. అలాంటి వ్యవస్థలు రెండు కలిస్తే 16 కావాలి, నాలుగు నాళ్లు సరిగ్గా పదహారే. కనుక ఒక్కొక్క భాగాన్ని విడిగా కొలిచి ఫలితాలను పోల్చితే ఉమ్మడి స్థితి పూర్తిగా దొరుకుతుంది. వాస్తవ సౌష్ఠవ మాత్రికలకైతే ఒక్కదానికి 3, రెండూ కలిస్తే 10. మూడు మూళ్లు తొమ్మిదే కాబట్టి పదోది విడి కొలతలకు చిక్కదు. పౌలీ మాత్రికల్లో (రెండు స్థాయిల వ్యవస్థకు వాడే మూడు 2×2 మాత్రికల్లో) రెండవదాన్ని దానితోనే టెన్సర్ లబ్ధం (రెండు వ్యవస్థలను కలిపే గుణకారం) చేసి చూడండి: విడిగా కల్పితమైనది, లబ్ధంలో వాస్తవమవుతుంది. ఆ పదోది అదే. దీన్ని ఒకసారి చేత్తో లెక్క వేయమని నా మనవి, చదివితే కలిగే నమ్మకం వేరు, వేసి చూస్తే కలిగేది వేరు.

రెండవ జవాబు:
లెక్క సరైనదే. అయితే విడి కొలతలతో అంతా తెలియాలన్నది మనం కోరుకునే సౌలభ్యం, ప్రకృతి దానికి కట్టుబడి ఉండాలని లేదు. అందుకే రెనూ, ఆయన సహచరులు 2021లో ప్రచురించిన ఫలితాన్ని నేను మరింత బలమైనదిగా భావిస్తాను. స్వతంత్రమైన రెండు మూలాల నుంచి ముగ్గురు పరిశీలకులకు కణాలు అందే అమరికలో, సంకీర్ణ సిద్ధాంతం ఒక రాశికి సుమారు 8.49 విలువను అనుమతిస్తే, వాస్తవ సిద్ధాంతం సుమారు 7.66 దాటలేదు. తర్వాత జరిగిన ప్రయోగాల్లో ఆ హద్దు దాటింది. కాకపోతే స్వతంత్ర మూలాలను వాస్తవ టెన్సర్ లబ్ధంతోనే కలపాలన్న షరతు ఇందులో ఉంది. స్టూకెల్‌బెర్గ్ పద్ధతిలో వ్యవస్థలను కలిపే నియమం వేరు కనుక దానికి ఈ దెబ్బ తగలదు.

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ కృతజ్ఞతలు. మరి క్వాంటమ్ స్థితిని స్థానం, ద్రవ్యవేగాల ఫలనంగా రాసే విగ్నర్ ఫలనం పూర్తిగా వాస్తవమే కదా?

రెండవ జవాబిచ్చినవారు:
ఫలనం వాస్తవమే. కానీ గ్రోనెవోల్డ్ 1946లో, మోయల్ 1949లో చూపిన గుణకార నియమంలో ప్లాంక్ స్థిరాంకం పక్కనే −1 వర్గమూలం కూర్చుని ఉంటుంది. పైగా ఆ ఫలనాన్ని సంభావ్యతగా చదవడానికి వీల్లేదు, అది రుణ విలువలు కూడా తీసుకుంటుంది. శుద్ధ స్థితుల్లో (ఒకే సదిశతో వర్ణించగలిగే స్థితుల్లో) ఎక్కడా రుణం కానివి గౌసియన్ (గంట ఆకారపు) స్థితులు మాత్రమేనని హడ్సన్ 1974లో నిరూపించారు.