మూన్‌రేకర్ విలన్‌వి ఇంకేం సినిమాలు చూడాలి?

హన్మకొండ పోరడు:
అన్నలూ, జేమ్స్ బాండ్ సినిమా మూన్‌రేకర్ (1979) చూశాను. బాండ్ కంటే విలన్ డ్రాక్స్‌గా చేసిన మైకేల్ లాన్స్‌డేలే మస్తు నచ్చాడు. అరవడు, కళ్లెర్రజేయడు, బాండ్ సంగతి చూడమని తన మనిషికి చెప్పేది కూడా చాయ్ తెమ్మన్నంత తాపీగా చెప్తాడు. ఫ్రెంచాయనకు అంత సాఫీగా ఇంగ్లిష్ ఎట్లా వచ్చింది? ఇంకేం చూడాలి?

కాజీపేట జంక్షన్:
తమ్మీ, పుట్టింది పారిస్‌లోనే, 1931లో. కానీ తండ్రి ఇంగ్లిష్ ఆయన, తల్లి ఫ్రెంచ్, ఇంకేం కావాలి. ముందు ద డే ఆఫ్ ద జాకాల్ (1973) చూడు. అందులో ఫ్రాన్స్ అధ్యక్షుడు డిగాల్‌ను చంపడానికి వచ్చినవాణ్ని వెతికే లెబెల్ అనే పోలీసు ఈయనే. మీటింగ్‌లో ఈయన ఒక ఫోన్ కాల్ టేప్ వినిపిస్తే, ఆ ఫోన్ మా ఇంటి నుంచే పోయిందని ఒక పెద్ద ఆఫీసర్ ఒప్పుకొని బయటికి నడుస్తాడు. ఎవరి ఫోన్ ట్యాప్ చేయాలో నీకెట్లా తెలిసిందని మంత్రి అడిగితే, తెలియదు, అందుకే అందరివీ చేశానంటాడు. బీజీఎం లేదు, ఎలివేషన్ లేదు, అయినా సీన్ మొత్తం ఆయనదే.

ములుగు రోడ్:
జాకాల్ సరే, నన్నడిగితే బెస్ట్ మాత్రం ఆఫ్ గాడ్స్ అండ్ మెన్ (2010). అల్జీరియా మఠంలో ఊరివాళ్లకు వైద్యం చేసే ముసలి సన్యాసి. దానికే ఫ్రెంచ్ సినిమాలకిచ్చే సెజార్ సహాయ నటుడి అవార్డు వచ్చింది, అప్పటికి ఎనభైకి దగ్గర్లో ఉన్నాడు. మ్యూనిక్ (2005), రోనిన్ (1998)లో ఉండేది కాసేపే, అయినా గుర్తుంటాడు. 2020లో పోయాడు పాపం.

హన్మకొండ పోరడు:
రోనిన్‌లో బొమ్మలు చేసే ముసలాయన ఈయనేనా! ఆదివారం జాకాల్ పెడ్తా.